అమెరికా కథకు ఊకొట్టిన తొమ్మిదో తరగతి

ఇప్పటి పిల్లలు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే దాన్ని ఎప్పుడు వదిలేయాలా అని ఆలోచిస్తున్నారు. తప్పని అనను, నాకా ఆలోచన రాలేదంతే. ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు బడిలో అటెండరుగా చేరాను, మోకాళ్లు మొరాయించేదాకా అక్కడే ఉన్నాను. గంట కొట్టాను, నీళ్లు మోశాను, సుద్దముక్కలు పంచాను, గోడ దూకే పోరగాళ్ల చొక్కా పట్టుకుని వెనక్కి గుంజాను. పదవీ విరమణ నాడు ఒక శాలువా కప్పారు. ఎండాకాలంలో.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. ఒకటో తరగతి టీచరు సాయంత్రం బోర్డు తుడిచి వెళ్లమనేది. తుడిచే ముందు ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో దిద్దేవాణ్ణి. అలా తుడుస్తూ తుడుస్తూనే నేర్చుకున్నాను. కూడబలుక్కుని మొదటిసారి పూర్తిగా చదివిన వాక్యం మా గేటు పక్క గోడ మీదే ఉంది: "ఇచ్చట నిలబడరాదు." అప్పటికి ఏళ్ల తరబడి నేను రోజూ నిలబడే చోటు అది. చదవడం వచ్చాక కూడా అక్కడే నిలబడ్డాను. ఆ రాతకంటే నేను ముందొచ్చాను.

చదువు చెప్పే ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా ఉంటే, మీకోసం ఒక్క సంగతి చెబుతాను. ఎవరి పేరూ రాయను. బతికున్నవాళ్లు నొచ్చుకుంటారు. ఈ సంగతిలో వచ్చే అమెరికా పెద్దమనుషుల పేర్లంటారా, మీ పుస్తకాల్లో ఉన్నాయి, చూసుకోండి.

మా బడిలో అప్పటికి ఇంగ్లీషు మీడియమే రాజ్యమేలుతోంది. తెలుగు మీడియం తొమ్మిదో తరగతి ఒక్కటి రేకుల గదిలో మిగిలి ఉండేది. ఆ పిల్లలకు సోషల్ చెప్పే మేడం హయత్‌నగర్ నుంచి బస్సులు మారి వచ్చేది. వాళ్లది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ప్రతి మాట చివరా ఒక "అండీ" ఉండేది. నన్ను "బాబాయ్ గారూ" అనేది. మా ఊళ్లో నన్ను అంత పొడుగ్గా పిలిచిన మనిషి ఇంకొకరు లేరు. వాళ్లాయన పనిచేసే కంపెనీ మూతపడింది. ఆమె జీతంతోనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆ ఏడు యూనిట్ పరీక్షలో అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి కారణాలు రాయమన్నారు. ఒకడు ఉప్పు సత్యాగ్రహం అని రాశాడు. ఇంకొకడు రజాకార్లు అన్నాడు. మూడో బెంచిలో కూర్చునే ఒక పొల్ల మాత్రం నిజాయితీగా రాసింది: "తెల్లోళ్లు తెల్లోళ్లతో ఎందుకు కొట్లాడిండ్రో నాకు సమజ్ గాలేదు మేడం, మాఫ్ చేయుండ్రి."

ఆ పేపర్లు కరస్పాండెంటు చేతిలో పడ్డాయి. కరస్పాండెంటు అంటే బడి యజమాని. మాట్లాడితే ఉత్తర్వు, దగ్గితే హెచ్చరిక. ఆ రేకుల గదిని కంప్యూటర్ గది చేయాలని ఆయనకు ఎప్పటినుంచో మనసులో ఉంది. మేడంను ఆఫీసుకు పిలిపించాడు. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కనే ఉన్నాను.

"ఏంది మేడం గిది? అమెరికల రజాకార్లు ఎట్లొచ్చిండ్రు? మీరే తోలుకపోయిండ్రా?"

"నోట్సు పూర్తిగా ఇచ్చానండీ. పేర్లు కొత్తగా ఉండి పిల్లలు…"

"శనివారం తల్లిదండ్రుల మీటింగ్ ఉన్నది. మా పాత గురువుగారు వస్తున్నరు, హిస్టరీ లెక్చరర్ జేసిండు. అందరి ముంగట గీ పాఠమే అడిగిపిస్త. పోరగాళ్లు జవాబు చెప్పకపోతే సోమవారం మీరు బస్సెక్కే పని లేదు."

మేడం బయటికొచ్చి నీళ్ల ట్యాంకు వెనక నిలబడి ఏడ్చింది. నాకు ఓదార్చడం చేతకాదు.

"ఏడిస్తే మీకు ముక్కు కారుతది గని, పోరగాళ్లకు అమెరికా వస్తదా మేడం?" అన్నాను.

"మరేం చేయమంటారు బాబాయ్ గారూ? నాలుగుసార్లు నోట్సు చెప్పాను. తలకెక్కడం లేదు."

"నోట్సు ఇన్నోని తలకెక్కది. కథ ఎక్కుతది. జర నాకు జెప్పుండ్రి గా లొల్లేందో."

మాది ఒగ్గు కథ చెప్పే ఇల్లు. డోలు, తాళాలు పట్టుకుని మల్లన్న కథ, ఎల్లమ్మ కథ గంటల తరబడి ఆడుతూ పాడుతూ చెప్పే వృత్తి. మా బాపు ఒక్క ముక్క చదవలేడు, కథలన్నీ నాలుక మీదే ఉండేవి. నేను తాళాలు వేస్తూ పెరిగి, తర్వాత జీతం కోసం బడిలో చేరాను. అందుకని వినడం నాకు బాగా వచ్చు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని మేడం మొదలుపెట్టింది.

"ఇంగ్లాండు రాజు అమెరికా వలసల మీద పన్నులు వేశాడండీ."

"ఎందుకేసిండు?"

"ఫ్రెంచివాళ్లతో యుద్ధం చేసి ఖజానా ఖాళీ అయింది."

"ఓడిండా?"

"లేదండీ, గెలిచారు."

"గెల్చినోడు ఖర్చు ఓడినోని కాడ గుంజాలె. సొంతోళ్ల మెడ మీద కూసునుడేంది?"

మేడం కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "అదే కదండీ గొడవ," అంది. ఈ పాఠం గురించి ఒక మనిషి తనను తిరిగి ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి అనుకుంటాను.

మర్నాటి నుంచి భోజనాల గంటలో రేకుల గదిలో కథ మొదలైంది. డోలు బదులు ఖాళీ నూనె డబ్బా. మా పద్ధతిలో కథకుడు ఒక్కడే చెప్పుకుపోడు. ఒక ముక్క విసరాలి, వంత పాడేవాళ్లు అందుకోవాలి. అందుకోకపోతే కథ అక్కడే ఆగుతుంది. తరగతి మొత్తాన్నీ వంతకు పెట్టాను. ఇంగ్లాండు రాజు మా కథలో సీమరాజయ్యాడు, అమెరికా వలసలు పల్లెలయ్యాయి.

"ఏడు సముద్రాల అవతల సీమరాజు ఉన్నడయా!"

"ఆహా! ఉంటే ఏమాయె?"

"ఇవతల పదమూడు పల్లెలు ఉన్నయయా!"

"ఆహా! ఉంటే ఏమాయె?"

"పల్లెలోళ్లు తాగే చాయ మీద రాజు సుంకమేసెనయా!"

"అయ్యయ్యో! అడిగేసెనా, అడగక ఏసెనా?"

ఈ చివరి ప్రశ్న నేను నేర్పలేదు. వెనక బెంచీలో ఒక పోరడికి దానంతటదే వచ్చింది. ఉంచేశాను. మేడం కిటికీ దగ్గర నిలబడి పుస్తకం పట్టుకుని, నేను తప్పు దారిలో పోతే దగ్గేది. పల్లెవాళ్లు మారువేషాలు వేసుకుని ఓడ మీది చాయ్‌పత్తి పెట్టెలు సముద్రంలో పారేసిన ఘట్టం వచ్చినప్పుడు పిల్లలు బెంచీలెక్కారు. మంచుగడ్డలు తేలే నదిని సైన్యం పడవల్లో దాటేటప్పుడు నేను వాళ్ల మూటల్లో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కట్టాను. మేడం గట్టిగా దగ్గింది. "చలిల పోతున్నరు మేడం, ఉత్త కడుపుతోటి పంపాల్నా?" అన్నాను. ఆమె మళ్లీ దగ్గలేదు.

శుక్రవారం నాటికి కథ చివరికొచ్చింది. సీమరాజు సైన్యం తుపాకులు కింద పడేసింది. అంతలో కరస్పాండెంటు కారు హారన్ మోగింది, గేటు తీయడానికి నేను పరుగెత్తాను. మిగిలిన చివరి ముక్క మేడం శనివారం పొద్దున చెబుదామనుకుంది. శనివారం పొద్దున ఆమెకు కుర్చీలు వేయించే పని అప్పజెప్పారు.

ఆవరణలో షామియానా వేసి, తొమ్మిదో తరగతి బెంచీలు ముందు వరసల్లో వేశారు. యాచారం వైపు పల్లెల నుంచి, మహేశ్వరం దారిలోంచి తల్లిదండ్రులు ఆటోల్లో దిగారు. కొందరు రాలేక ముసలివాళ్లను పంపారు. లెక్చరరు గారు సన్నగా, తెల్ల చొక్కాలో, కళ్లజోడు ముక్కు కొసన పెట్టుకుని వచ్చాడు. ఆయన ముందు మా కరస్పాండెంటు చేతులు కట్టుకుని నిలబడితే చూసి నాకు కడుపు నిండింది.

"అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఏ రోజున చేశారు?" అని లెక్చరరు గారు మొదటి బెంచి పిల్లవాణ్ణి అడిగాడు.

వాడు లేచాడు. నోరు తెరిచాడు. నోరు అలాగే ఉంది, మాట లేదు. పక్కవాణ్ణి అడిగాడు. వాడూ అంతే. మూడోవాడు నా వైపు చూశాడు. నాకు అప్పుడు వెలిగింది, వెలగ్గానే చెమట పట్టింది. వీళ్లకు కథ వచ్చు. కానీ ఎవరూ ఊకొట్టడం లేదు. ఊకొట్టకపోతే కథ కదలదు. మేడం మొహం సుద్దముక్కలా అయింది. కరస్పాండెంటు కుర్చీలో వెనక్కి వాలాడు.

లెక్చరరు గారు మూడో బెంచి పొల్లను లేపాడు. అదే, సమజ్ కాలేదని రాసిన పొల్ల. అది చేతులు నలుపుకుంటూ నిలబడింది. అప్పుడు షామియానా వెనక వరసలోంచి ఒక ముసలి గొంతు వచ్చింది:

"ఊఁ… ఉంటే ఏమాయె బిడ్డా?"

ఆ పొల్ల నాయనమ్మ. యాచారం దగ్గరి పల్లె. ఒగ్గు కథలు వింటూ ముసలిదైన మనిషి, ఎక్కడ ఊకొట్టాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొల్ల ఊపిరి తీసుకుంది.

"ఏడు సముద్రాల అవతల సీమరాజు ఉన్నడయా!"

తరగతి మొత్తం లేచింది. "ఆహా! ఉంటే ఏమాయె?"

"అమ్మా, అమ్మా! నేనడిగింది తేదీ," అన్నాడు లెక్చరరు.

"వస్తది సార్. నడుమల దిగితే జారిపడుత. మొదట్ల నుంచి వస్త."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "సరే, రా," అన్నాడు.

వచ్చింది. సుంకాలు వచ్చాయి, చాయ్‌పత్తి సముద్రంలో పడింది, పల్లెల పెద్దలు ఒకచోట కూడారు. తల్లిదండ్రులు కూడా ఒక్కొక్కరే వంత అందుకున్నారు. ఒక ఆటో డ్రైవరు తొడ మీద తాళం వేస్తున్నాడు. "పదిహేడు వందల డెబ్బై ఆరు, జూలై నాలుగో నాడు, మా రాజ్యం మాదేనని కాగితం రాసిరయా!" అని పొల్ల అనేసరికి షామియానా కింద చప్పట్లు.

"అగో, తేదీ వచ్చింది," అన్నాడు లెక్చరరు. ఆయన కాలు కూడా ఆడుతోంది, నేను చూశాను. "సైన్యం నది ఎట్లా దాటింది?"

"పడవల మీద సార్, సలికాలం. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కట్టుకున్నరు."

"ఉల్లిగడ్డ ఏ పుస్తకంలో ఉంది?"

నేను నీళ్ల బిందె సర్దుకున్నాను.

"సర్లే. యుద్ధం చివరికి ఏమైంది?"

"లగ్గమైంది సార్."

"ఏమైంది?"

"లగ్గం. సీమరాజు బిడ్డను దండు నడిపిన పెద్దమనిషి కొడుక్కిచ్చి చేసిండ్రు. రెండు దిక్కులోళ్లు బంతిల కూసొని తిన్నరు. మంగళం."

షామియానా పగలబడి నవ్వింది. మేడం రెండు చేతుల్లో మొహం దాచుకుంది. కరస్పాండెంటు లేచి నిలబడ్డాడు. "చూసిండ్రా సార్? చాలు ఇగ. అమెరికకు లగ్గం జేసిండ్రు. మేడం, మీకు ముందుగాల్నే జెప్పిన…"

"ఓ సారూ, జర ఆగు!" నాయనమ్మ కొంగు నడుముకు చుట్టుకుని ముందుకొచ్చింది. "గా లగ్గం నేను జేసిన. మేడం జెయ్యలే, పొల్ల జెయ్యలే. నిన్న బడి నుంచి వచ్చి, అవ్వా, తుపాకులు కింద పడేసిండ్రు, అటెన్క ఏమాయెనో గంట కొట్టే తాత చెప్పలేదని అన్నం ముట్టకుంట కూసున్నది. నెత్తురు కారినంక కథను గట్లనే వదిలి లేస్తరా ఎవలన్న? ఇంటికి అరిష్టం. అందుకనే కలిపి లగ్గం జేసిన. తప్పా?"

తప్పు కాదు. మా వృత్తిలో నిజంగానే కథను కడతేర్చకుండా లేవకూడదు. నేను గేటు తీయడానికి లేచి పోయాను, ఆమె ఇంట్లో కూర్చుని కడతేర్చింది.

లెక్చరరు గారు నవ్వు ఆపుకుని పొల్లను అడిగాడు. "లగ్గానికి ముందు మాటాముచ్చట జరగాలి కదా? ఏం మాట్లాడుకున్నారు?"

"ఇగ నుంచి మీ మీద పెత్తనం నాది గాదు, మీ పల్లెలు మీయే అని సీమరాజు ఒప్పుకున్నడు సార్."

"ఎక్కడ కూర్చుని?"

పొల్ల నాయనమ్మ వైపు చూసింది. ముసలమ్మే చెప్పింది. "మూడో ఊర్ల. వాళ్ల ఊర్ల గాదు, వీళ్ల ఊర్ల గాదు. సాయం జేసిన సుట్టముంటడు గదా, వాని ఇంటి కాడ. మా అక్క బిడ్డ పంచాయితి గట్లనే జేసినం, యాచారంల."

లెక్చరరు గారు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. తర్వాత కరస్పాండెంటు వైపు తిరిగాడు. "అమెరికావాళ్లకు సాయం చేసింది ఫ్రాన్సు. ఒప్పందం జరిగింది ప్యారిస్‌లో. పెళ్లి ఒక్కటి తీసేయ్, మిగతాదంతా ఉన్నట్టే."

"తీసేస్తే ఎట్ల సార్? లగ్గం లగ్గమే. బుక్కుల లేదు," అన్నాడు కరస్పాండెంటు. ఆయన కళ్లు రేకుల గది మీదే ఉన్నాయి. "మేడం, సోమవారం నుంచి మీరు రావద్దు. అంతే."

తొడ మీద తాళం వేసిన ఆటో డ్రైవరు లేచాడు. "ఏందన్నా, పోరగాళ్లు మంచిగనే జెప్పిండ్రు గదా. మా పిల్లల మేడంను తీసేటప్పుడు మమ్ముల ఒక్క మాట అడగవా?"

కరస్పాండెంటుకు ఒళ్లు మండింది. గొంతు పెంచాడు.

"నా బడి! నన్ను అడిగేటోడెవడు?"

నేను బిందె కింద పెట్టేశాను. ఎందుకంటే మా కథలో సీమరాజు మాట్లాడే పద్ధతి అదే. ప్రతి సుంకం దగ్గరా ఆయన "నా రాజ్యం! నన్ను అడిగేటోడెవడు?" అని మీసం తిప్పుతాడు. అన్న ప్రతిసారీ ఏం చేయాలో పిల్లలకు వారం రోజులుగా అలవాటు. వాళ్లు ఆలోచించలేదు. కోపంతో కాదు, ధిక్కారంతో కాదు, వంత వచ్చింది కాబట్టి అందుకున్నారు. తరగతి తరగతంతా, షామియానా గుంజలు అదిరేలా:

"మమ్ముల అడగని మాట మాకు చెల్లదయా!"

ముసలమ్మ ఆగలేదు. "అడిగేసెనా, అడగక ఏసెనా?" అని అందుకుంది. వెనక వరసలు కలిశాయి. కరస్పాండెంటు నోరు తెరిచి అటూ ఇటూ చూశాడు. తన మాటకు అంత పెద్ద జవాబు ఆ ఆవరణలో ఆయన ఎప్పుడూ విని ఉండడు. లెక్చరరు గారు కుర్చీ చేతులు పట్టుకుని నవ్వుతున్నాడు. కళ్లలో నీళ్లు.

"ఏం రా," అన్నాడు తన పాత శిష్యుడితో, "నా పీరియడ్‌ల నువ్వు ఎన్నడన్న ఇట్ల జవాబు జెప్పినవా? గా అమెరికా లొల్లికి అసలు కారణమే గిది, అడగకుంట సుంకమేసుడు. పిల్లలు పాసయిండ్రు. ఇగ నీ వంతు."

గురువు ముందు, తల్లిదండ్రుల ముందు ఇంకేం చేస్తాడు? కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగాడు. ఇచ్చాను. తాగి, గ్లాసు కేసి చూస్తూ, "మేడం ఉంటది," అన్నాడు. "గని ఇగ బడిల డబ్బా మోగిందంటే ఊకోను." ఆ ఉత్తర్వును నేను పాటించాను. డబ్బా మానేసి బెంచీ మీద కొట్టాను.

అలాగని మేడం గండం పూర్తిగా గడిచిందనుకోకండి. సోమవారం ఆమె హయత్‌నగర్ బస్సు దిగి నేరుగా రేకుల గదిలోకి వెళ్లింది. బోర్డు మీద "ప్యారిస్ ఒప్పందం, 1783" అని పెద్ద అక్షరాలతో రాసింది. నేను సుద్దముక్కలు ఇవ్వడానికి వెళ్లి గుమ్మంలో ఆగాను.

"చూడండర్రా," అంది మేడం, "కథ చాలా బాగా చెప్పారు. కానీ పెళ్లేమీ జరగలేదు. ఇవాళ్టి నుంచి ఆ పెళ్లి తీసేస్తున్నాం. సరేనా?"

మూడో బెంచి పొల్ల నెమ్మదిగా లేచి నిలబడింది.

"మేడం," అంది, "మమ్ముల అడిగినవా?"

మేడం నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. చివరికి చేతులెత్తించాల్సి వచ్చింది. లగ్గమే గెలిచింది. పరీక్షలో మాత్రం ఒప్పందం అని రాయడానికి పిల్లలు ఒప్పుకున్నారు. అదీ మేడం "దయచేసి అండీ" అని అడిగిన తర్వాతే.